హవాయిలో ఏ దీవి? ముందు అత్తగారిని అడగండి

ప్రశ్న: మేం ఫ్రీమాంట్‌లో ఉంటాం. తెనాలి నుంచి మా అత్తగారు, మామగారు వచ్చి ఉన్నారు. మే నెలలో వెళ్ళిపోతారు. ఏప్రిల్ మొదటి వారంలో మా బాబుకి సెలవులు కాబట్టి అందరం కలిసి ఏడు రాత్రులు హవాయి వెళ్దామనుకున్నాం. తీరా చూస్తే ఏ దీవికో తేలడం లేదు. మావారికి లావా చూడాలని చిన్నప్పటి నుంచీ కోరిక. బాబుకి ఎనిమిదేళ్ళు, వాడు తాబేళ్ళు, తిమింగలాలు అంటాడు. మామగారికి షుగరు, మోకాళ్ళ నొప్పులు. పది నిమిషాలు నడిస్తే కూర్చోవాలి. అత్తగారు గుడ్డు కూడా ముట్టరు. ఎక్కడికి వెళ్దామని అడిగితే "మీ ఇష్టం అమ్మా, నాకేం తెలుసు" అంటారు. అక్కడెక్కడో పెద్ద శివాలయం ఉందటగా అని మాత్రం ఒకసారి అన్నారు. మా ఆఫీసులో వాళ్ళేమో అంత ఖర్చు పెట్టుకుని ఒక్క దీవి చూసి వచ్చేస్తారా, నాలుగూ చుట్టి రండి అంటున్నారు. ఇంతమందిని తీసుకెళ్ళి ఎవరికీ నచ్చకపోతే ఎలాగా అని భయంగా ఉంది. నాకైతే రెండు రోజులు సముద్రం ఒడ్డున ఊరికే కూర్చోవాలని ఉంది, కుదరకపోయినా ఫర్వాలేదు.
— ఒక సోదరి, ఫ్రీమాంట్

సమాధానం: నాలుగు దీవుల ఆలోచన ముందే మానేయండి. మ్యాపులో పక్కపక్కనే కనిపిస్తాయి గానీ, ఈ నాలుగింటినీ కలిపే పడవ సర్వీసు లేదు. కార్లను కూడా ఎక్కించుకునే పెద్ద ఫెర్రీ ఒకటి కొన్నాళ్ళు నడిచి 2009లో ఆగిపోయింది. ఇప్పుడు దీవి మారాలంటే విమానమే. గాల్లో ఉండేది ముప్పావు గంటే అయినా దాని చుట్టూ ఉండే హైరానా చూడండి. పొద్దున్నే పెట్టెలు సర్దాలి, పదకొండు కల్లా గది ఖాళీ చెయ్యాలి, కారు అప్పజెప్పాలి, సెక్యూరిటీ లైన్లో నిలబడాలి, దిగాక మళ్ళీ ఇంకో కారు తీసుకోవాలి. మూడో నాలుగో అయితే గానీ కొత్త గది చేతికి రాదు. దీవి మారిన ప్రతిసారీ ఒక పగలు పోయినట్టే. నాలుగు దీవులంటే మీ వారంలో మూడు పగళ్ళు ఎయిర్‌పోర్టుల్లో గడుస్తాయి. అందులో ఎక్కువ అలిసిపోయేది మీ మామగారే. వయసులో ఉన్న ఇద్దరే వెళ్తుంటే రెండు దీవులు పెట్టుకోమనేదాన్ని. మీ అయిదుగురికి ఒక్కటే దీవి.

ఏ దీవి అని తేల్చుకునే ముందు ఇంకొకటి తెలియాలి. దీవిలో ఏ వైపు అన్నది. హవాయిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఈశాన్యం నుంచి గాలి వీస్తుంది. సముద్రం మీది తేమనంతా తెచ్చి కొండల మీద కురిపిస్తుంది. అందుకే ప్రతి దీవిలోనూ తూర్పు, ఈశాన్య దిక్కులు పచ్చగా వానలతో ఉంటాయి. కొండ దాటి పడమరకో దక్షిణానికో వస్తే ఎండ. బిగ్ ఐలండ్‌లో హిలో ఊళ్ళో ఏడాదికి వంద అంగుళాలకు పైనే వాన పడుతుంది. అదే దీవిలో, రెండు గంటల ప్రయాణం కూడా లేని వైకొలోవా తీరంలో పది అంగుళాల చుట్టుపక్కలే. ఒకే దీవికి వెళ్ళొచ్చిన ఇద్దరిలో ఒకరు వారమంతా తడిసిపోయామని, ఇంకొకరు చుక్క వాన లేదని చెప్తే ఇద్దరిదీ నిజమే, బస చేసిన వైపు వేరు. అలలూ అంతే. చలికాలమంతా ఉత్తర తీరాల మీద పెద్ద అలలు విరుచుకుపడతాయి, ఏప్రిల్ మొదట్లో కూడా ఆ జోరు పూర్తిగా తగ్గి ఉండదు. బాబుని నీళ్ళలోకి దింపే తీరం పడమరదో దక్షిణానిదో అయ్యేలా చూసుకోండి.

ఇక దీవులు. హవాయి అనగానే ఎక్కువమంది వెళ్ళేది ఒవాహు. హొనొలులు, వైకీకీ, పెర్ల్ హార్బర్ అన్నీ అక్కడే. సిటీ బస్సులు బాగా నడుస్తాయి, ఇండియన్ రెస్టారెంట్లు ఉన్నాయి, పెద్ద ఆస్పత్రులు ఉన్నాయి. మీ మామగారికి తరచూ డాక్టరు అవసరమయ్యే పరిస్థితి ఉంటే రెండో ఆలోచన లేకుండా ఒవాహు అనేదాన్ని. 1941 డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడిలో మునిగిన అరిజోనా యుద్ధనౌకలో 1,177 మంది చనిపోయారు. ఆ ఓడ ఇప్పటికీ నీళ్ళ అడుగునే ఉంది, దాని పైన కట్టిన స్మారకం దాకా పడవలో తీసుకెళ్తారు. చరిత్ర మీద ఇష్టమున్న పెద్దవాళ్ళు అక్కడ చాలాసేపు మౌనంగా నిలబడిపోతారు. హొనొలులు నడిబొడ్డున ఇయొలానీ ప్యాలెస్ ఉంది. 1882లో దాన్ని కట్టించిన కలకావువా రాజు అంతకు ముందు ఏడాదే ప్రపంచమంతా చుట్టి, దారిలో కలకత్తా, బొంబాయి కూడా చూసి వచ్చాడు. ఆయన తర్వాత రాణి అయిన చెల్లెలు లిలియువొకలానీని 1893లో గద్దె దింపేశారు. రెండేళ్ళ తర్వాత అదే ప్యాలెస్‌లో ఒక గదిలో బందీగా పెట్టారు. హవాయి ఎలా అమెరికాదైందో తెలుసుకోవాలంటే ఆ గది చూడాలి. కానీ ఒవాహులో లావా లేదు. వైకీకీలో కారు పార్కింగుకే రోజుకు నలభై, యాభై డాలర్లు అవుతాయి. డైమండ్ హెడ్ కొండంతా ఎక్కడమే, మామగారి మోకాళ్ళకు పనికిరాదు. చేపల్ని చూసే హనౌమా బే సోమ, మంగళవారాలు మూసే ఉంటుంది, మిగతా రోజుల్లో కూడా రెండు రోజుల ముందు ఆన్‌లైన్లో స్లాట్ పట్టుకోవాలి.

మౌయి అందమైన దీవి, మీ ఇద్దరే అయితే మొదట దాని పేరే చెప్పేదాన్ని. కానీ అక్కడ పేరున్న రెండూ మీ ఇంటిల్లిపాదికీ కష్టమే. హలేయకలా శిఖరం మీద సూర్యోదయం చూడాలంటే తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి పదివేల అడుగుల ఎత్తుకు వెళ్ళాలి, దానికి ముందే రిజర్వేషన్ ఉండాలి. హానా రోడ్డులో ఆరువందల పైచిలుకు మలుపులు, వంతెనలు చాలావరకు ఒక్క కారు పట్టేవే. కారు ప్రయాణం పడనివాళ్ళు వెనక సీట్లో ఉంటే ఆ రోజు అందరికీ నరకం. తిమింగలాలకు మాత్రం మౌయిని మించింది లేదు, అయితే వాటి ఉధృతం జనవరి నుంచి మార్చి వరకు. 2023 ఆగస్టు 8న అక్కడి లహైనా పట్టణం కాలిపోయి వందమందికి పైగా చనిపోయారు. ఆ ఊరి నడిమధ్యన మన దేశం నుంచి వెళ్ళిన మర్రిచెట్టు ఒకటుంది. 1873లో మనిషెత్తు కంటే కాస్త ఎక్కువున్న మొక్కగా నాటితే ఊడలు దిగి ఒక వీధి వీధంత మేర పరుచుకుంది. మంటల్లో అదీ మాడిపోయింది. కొన్ని కొమ్మలు చచ్చిపోయినా కొన్ని వారాలకే చిగురు వేసింది. ఊరి వాళ్ళు నీళ్ళు పోసి, ఎరువు వేసి దాన్ని కాపాడుకున్న తీరు తలుచుకుంటే నాకు కళ్ళు చెమరుస్తాయి.

కవాయి దగ్గర కాసేపు ఆగాలి, మీ అత్తగారు అన్న శివాలయం అక్కడిదే. వైలువా నది పక్కన కవాయి ఆధీనం అనే శైవ మఠం ఉంది. కాలిఫోర్నియాలో పుట్టి, శ్రీలంక వెళ్ళి జాఫ్నా యోగస్వామి దగ్గర దీక్ష తీసుకున్న శివాయ సుబ్రమునియస్వామి 1970లో దాన్ని స్థాపించారు. మఠంలో కడవుల్ ఆలయం ముందు నుంచీ ఉంది. తర్వాత చోళుల పద్ధతిలో ఇరైవన్ ఆలయం కట్టడం మొదలుపెట్టారు. రాయి తెల్ల గ్రానైటు. బెంగళూరు దగ్గర శిల్పులు ఉలి, సుత్తితో చేత్తోనే చెక్కారు, ఆ రాళ్ళను ఓడల్లో పసిఫిక్ దాటించి అక్కడ పేర్చారు. దశాబ్దాలు పట్టిన పని, 2023 మార్చిలో కుంభాభిషేకం జరిగింది. గర్భగుడిలో ఏడువందల పౌండ్ల స్ఫటిక లింగం. చుట్టూ తోట, దగ్గర్లోనే మఠం వాళ్ళు పెంచిన రుద్రాక్ష చెట్లు. సముద్రాలు దాటి వచ్చిన ఆవిడకి ఆ గడ్డ మీద నిలబడి పూజ చూడటం ఏ స్థాయి అనుభవమో నేను చెప్పక్కర్లేదు. బయటివాళ్ళని పొద్దున పూట మధ్యాహ్నం పన్నెండు వరకే రానిస్తారు కాబట్టి వేరే దీవి నుంచి విమానంలో వెళ్ళి దర్శనం చేసుకుని వచ్చేద్దాం అనుకోవద్దు, వేళకి అందడం కష్టం.

గుడి ఒక్కటే కాదు, వైమేయా కాన్యన్ లోయ మామగారికి కూడా వీలైనదే. కారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, మూడువేల అడుగులకు పైగా లోతున్న ఎర్రటి లోయ కళ్ళ ముందుంటుంది. అయితే నా పాలీ కొండల వల్ల కవాయి చుట్టూ పూర్తిగా తిరిగే రోడ్డు లేదు. వెళ్ళిన దారినే వెనక్కి రావాలి. వాన ఎక్కువ. లావా లేదు.

నా మాట అడిగితే మీకు బిగ్ ఐలండ్. అసలు పేరు హవాయి దీవే, మిగతా దీవులన్నీ కలిపినా దీనికంటే చిన్నవి కాబట్టి అందరూ అలా పిలుస్తారు. తెనాలి వాళ్ళకి సముద్రం కొత్త కాదు, సూర్యలంక వాళ్ళ ఇంటి పక్కనున్నట్టే లెక్క. ఇసుక, అలలు, కొబ్బరిచెట్లు చూపించడానికి వాళ్ళని ఇంత దూరం తీసుకెళ్ళక్కర్లేదు. నేల లోపల్నించి రాయి కరిగి పైకి వచ్చి కొత్త నేలగా గట్టిపడటం మాత్రం వాళ్ళు ఇంకెక్కడా చూడరు. పైగా దాన్ని చూడటానికి నడవక్కర్లేదు. బయటివాళ్ళకి ఈ సంగతి అంతగా తెలీదు. అగ్నిపర్వతం అనగానే ట్రెక్కింగ్ అనుకుని పెద్దవాళ్ళని హోటల్లో వదిలేసి వెళ్తారు. హవాయి వోల్కనోస్ నేషనల్ పార్కులో కిలవేయా అనే అగ్నిపర్వతం బిలం అంచు దాకా కారు వెళ్తుంది. బిలం చుట్టూ అక్కడక్కడా చూసే చోట్లున్నాయి, చాలావాటికి కారు దిగాక కొన్ని అడుగులే. అక్కడి నుంచి చెయిన్ ఆఫ్ క్రేటర్స్ అనే రోడ్డు పద్దెనిమిది మైళ్ళ పైన కిందికి దిగుతుంది. ఏ ఏటి లావా ఎటు పారిందో రోడ్డు పక్కన కనిపిస్తూనే ఉంటుంది, నల్లగా మడతలు మడతలుగా. చివర సముద్రం, ఆపైన రోడ్డుని లావా మింగేసింది. మామగారు కారులోంచి దిగకుండానే ఇదంతా చూడొచ్చు. ఆ దారిలో గ్యాస్ దొరకదు, తినడానికీ ఏమీ ఉండదు. పార్కు బయటి వోల్కనో ఊళ్ళోనే ట్యాంకు నింపుకుని, మామగారికి తినడానికి ఏదైనా దగ్గర పెట్టుకోండి.

లావా కనిపిస్తుందా అంటే, అది కొండ ఇష్టం. 2024 డిసెంబర్ 23న మొదలైన విస్ఫోటనం విడతలు విడతలుగా నడుస్తూ వచ్చింది. లావా వందల అడుగుల ఎత్తుకు, ఒక్కోసారి వెయ్యి అడుగులు దాటి ఫౌంటెన్‌లా ఎగిసి, చాలాసార్లు ఒక్క రోజు లోపే ఆగిపోతుంది. మళ్ళీ లేచేది కొన్ని రోజులకో, కొన్ని వారాలకో. అమెరికా భూగర్భ సర్వే వాళ్ళు బిలం దగ్గర కెమెరాలు పెట్టి ఇరవైనాలుగు గంటలూ ఇంటర్నెట్‌లో చూపిస్తారు, తర్వాతి విడత ఎప్పుడు ఉండొచ్చో అంచనా కూడా రాస్తారు. వెళ్ళే వారం ముందు నుంచి మీవారు రోజూ అది చూస్తూ ఉండాలి. బాబుకీ చూపించండి. కొండ నిద్రపోయి ఉన్నా పోగొట్టుకునేదేమీ లేదని కూడా ముందే అనుకుని వెళ్ళండి.

ఎందుకంటే ఆవిరి రంధ్రాలు ఎప్పుడూ ఉంటాయి. పార్కు నాలుగువేల అడుగుల ఎత్తులో ఉంది, పొద్దున్నే చలి. వాన నీళ్ళు నేలలోకి ఇంకి వేడి రాళ్ళకు తగిలి, పగుళ్ళలోంచి పొగలా పైకి వస్తాయి. మా అమ్మని అక్కడికి తీసుకెళ్ళినప్పుడు కమ్మీ పట్టుకుని ముందుకు వంగింది. కళ్ళద్దాలు తెల్లగా పట్టేశాయి. తీసి చీర చెంగుతో తుడుచుకుంటూ, వెచ్చగా ఉన్న ఆ కమ్మీని రెండో చేత్తో వదల్లేదు. "ఇది నిజంగా లోపల్నించే వస్తోందా?" అని అడిగింది. అవునమ్మా అన్నాను. ఇంకేం మాట్లాడకుండా చాలాసేపు అక్కడే ఉంది. హవాయి వాళ్ళకి ఆ బిలం పెలె అనే దేవత ఉండే చోటు. మీ అత్తగారికి ఆ సంగతి చెప్పండి. అలాంటి చోట ఎలా మసలుకోవాలో ఆవిడకి ఒకరు నేర్పక్కర్లేదు. బాబు జేబులో రాయి వేసుకోకుండా మాత్రం మీరు చూసుకోండి, అక్కడి నుంచి ఏదీ తేకూడదు. గంధకం పొగ ఎక్కువున్న రోజు ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్ళు దూరంగా ఉండాలని బోర్డులు పెడతారు. మామగారికి అలాంటిది ఏమైనా ఉంటే వెళ్ళేముందు డాక్టరుతో మాట్లాడండి. మౌనా కేయా శిఖరం జోలికి మీరు పోవద్దు. దాదాపు 13,800 అడుగులు, పదమూడేళ్ళ లోపు పిల్లల్ని తీసుకెళ్ళవద్దని వాళ్ళే చెప్తారు.

ఇప్పుడు రోజులు ఎలా సర్దుకోవాలో చెప్తాను. ఏడు రాత్రుల్లో మొదటి మూడు తూర్పున హిలో వైపు, తర్వాతి నాలుగు పడమరన కోనా వైపు. అందరూ తిరగేసి చేస్తారు, కానీ నా లెక్క వేరే. ఏప్రిల్‌లో కాలిఫోర్నియా కంటే హవాయి మూడు గంటలు వెనక. పొద్దున ఫ్లైట్ ఎక్కితే అయిదు గంటల్లో కోనాలో దిగినా అక్కడ ఇంకా మధ్యాహ్నం కాదు. రెండు పెద్ద కొండల మధ్యనుంచి వెళ్ళే శాడిల్ రోడ్డు పట్టుకుంటే రెండు గంటల్లోపు హిలో. మొదటి రెండు మూడు రోజులు ఎవరు వద్దన్నా తెల్లవారుజామున మూడున్నరకో నాలుగుకో అందరికీ మెలకువ వచ్చేస్తుంది. ఆ మెలకువని వాడుకోండి. పార్కు రాత్రంతా తెరిచే ఉంటుంది, కారుకి ముప్పై డాలర్లు కడితే ఏడు రోజులు చెల్లుతుంది. చీకటి ఉండగానే బిలం దగ్గరికి చేరితే, లావా ఉన్న రోజయితే దాని వెలుగు కనిపిస్తుంది, కారు ఆపడానికి చోటూ దొరుకుతుంది. సాయంత్రాలు అక్కడ పార్కింగు దొరకడమే గగనం. స్వెటర్లు, రెయిన్‌కోట్లు, మామగారి మంకీ టోపీ మర్చిపోవద్దు.

హిలోలో రెయిన్‌బో జలపాతం పార్కింగు పక్కనే, పెద్దవాళ్ళకి హాయి. అకాకా జలపాతం నాలుగువందల నలభై రెండు అడుగులు, చూడదగ్గదే, కానీ మెట్లున్నాయి, మామగారికి వద్దు. బుధ, శనివారాల్లో హిలో మార్కెట్ నిండుగా ఉంటుంది. అత్తగారిని తప్పకుండా తీసుకెళ్ళండి. చామదుంపలు, చామాకులు, సీమ పనసకాయలు, చిట్టి అరటిపళ్ళు, దేవగన్నేరు దండలు చూసి ఆవిడకి ప్రాణం లేచొస్తుంది. హవాయి వాళ్ళకి చామ తిండి ఒక్కటే కాదు, తమ జాతికి అన్నగా పుట్టిందని వాళ్ళ పురాణం. ఉడికించిన దుంపని నూరి చేసే పోయి అన్నం బదులు తింటారు, అందులో మాంసం ఉండదు, అత్తగారు నిర్భయంగా రుచి చూడొచ్చు.

మిగతా తిండి దగ్గర మాత్రం జాగ్రత్త. చాలా సూపుల్లో ఎండు చేపల రసం ఉంటుంది, పైకి కూరగాయల సూపులాగే కనిపిస్తుంది. లావులావు అనే వంటకాన్ని చామాకులో చుట్టి ఇస్తారు గానీ లోపల పంది మాంసం. షాపుల్లో అన్నం ముద్దకి నల్లటి ఆకు చుట్టి అమ్మే ముసుబిలో ఉండేదీ డబ్బా మాంసమే. మలసడా అనే బూరెల్లాంటి వాటిలో గుడ్డు పడుతుంది. కొబ్బరిపాలతో చేసి ముక్కలు కోసే హౌపియాలో గుడ్డు ఉండదు, ఆవిడకి నచ్చి తీరుతుంది. అన్నిటికంటే మంచిది వంటగది ఉన్న కాండో తీసుకోవడం. బియ్యం ఎక్కడైనా దొరుకుతాయి, కానీ ఎక్కువగా ముద్దగా అయ్యే జపాన్ రకం. రెండు కిలోల సోనామసూరి, కందిపప్పు, పొడులు, ఒక చిన్న కుక్కరు పెట్టెలో పెట్టుకోండి. తాజా కరివేపాకు వద్దు, మొక్కలు, ఆకులు ఏవి తెచ్చినా ముందే ప్రకటించాలి. తిరిగొచ్చేటప్పుడు కూడా సామాను తనిఖీ చేసి చాలా రకాల పళ్ళు ఆపేస్తారు.

కోనా వైపు నాలుగు రాత్రులు మీ కోసం. మీ ఉత్తరంలో మీ కోరిక చివర్న ఒక్క ముక్కలో ఉంది, పైగా కుదరకపోయినా ఫర్వాలేదని కూడా రాశారు. కుదరాలి. వైకొలోవాలో అనేహోమాలు అనే తీరం ఉంది, పొడుగ్గా వంగిన ఇసుక తిన్నె, వెనక పాత కాలపు చేపల చెరువులు, వాటి గట్టున కొబ్బరిచెట్లు. అక్కడ రెండు పూటలు ఏ పనీ పెట్టుకోకుండా కూర్చోండి, బాబుని మీవారు చూసుకుంటారు. ఒడ్డుకు వచ్చే తాబేళ్ళు వాడికి అక్కడే కనిపించొచ్చు. పది అడుగుల దూరం వదలాలి, ముట్టుకోకూడదు. తిమింగలాలు ఏప్రిల్ మొదటికి చాలావరకు అలాస్కా దారి పడతాయి. పిల్ల ఉన్న తల్లులే ఆఖరున కదులుతాయి కాబట్టి కనపడే అవకాశం ఇంకా ఉంటుంది. ఈత కోసం హపూనా బీచ్‌కి వెళ్ళండి, లైఫ్‌గార్డులు ఉంటారు. హవాయికి వచ్చి ప్రమాదాల్లో చనిపోయే టూరిస్టుల్లో నీళ్ళలో మునిగిపోయేవాళ్ళే ఎక్కువ. లైఫ్‌గార్డు లేని చోట బాబుని దింపకండి, మీరూ దిగకండి, ఒడ్డున ఉన్నా సముద్రానికి వీపు పెట్టి నిలబడకండి. ఒక పూట హొనౌనౌకి వెళ్ళండి. పూర్వం నియమం తప్పి మరణశిక్ష పడాల్సినవాడు కూడా ఆ రాతిగోడ లోపలికి చేరుకుంటే శరణు దొరికేదట. నేల చదునుగా ఉంటుంది, మామగారు నెమ్మదిగా తిరగగలరు.

మామగారి గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. చెప్పుల్లేకుండా ఒక్క అడుగు కూడా వెయ్యనివ్వకండి. పునలువు లాంటి నల్ల ఇసుక తీరాలు మధ్యాహ్నానికి కాలిపోతుంటాయి, లావా రాయి అంచులు గాజుపెంకుల్లా కోస్తాయి. చాలాకాలంగా షుగరు ఉన్నవాళ్ళకి అరికాళ్ళలో స్పర్శ తగ్గిపోయి కాలినా, కోసుకున్నా తెలీదు, ఇంటికొచ్చాక పుండై కూర్చుంటుంది. మడమ దాకా మూసుండే బూట్లు, మెత్తటి సాక్సులు వేయించండి, రాత్రిపూట మీవారు పాదాలు ఒకసారి చూడాలి. మూడు గంటల తేడాతో భోజనం, మాత్రల వేళలు ఎలా మార్చాలో డాక్టరుని ముందే అడగండి. టికెట్లు కొనేటప్పుడే వీల్‌చెయిర్ అడిగి పెట్టుకోండి. కోనాలో విమానం నుంచి నేరుగా ర్యాంపు మీదో మెట్ల మీదో నేలకు దిగాలి. పెద్దవాళ్ళిద్దరి పాస్‌పోర్టులూ దగ్గరుంచుకోండి, అయితే ఇది అమెరికా లోపలి ప్రయాణమే, వీసాకి ఏ ఇబ్బందీ ఉండదు.

ఇవన్నీ చెప్పాక కూడా టికెట్లు ఇప్పుడే కొనొద్దంటాను. మీవారి కోరిక, బాబు కోరిక మీకు తెలుసు. అత్తగారిది తెలీదు. "మీ ఇష్టం" అనే మాట మన ఇళ్ళలో పెద్దావిడలు ఖర్చు ఎక్కువవుతుందనో, కొడుకు మనసు ఎటుందో కనిపెట్టో అంటారు. నిజంగా ఏ కోరికా లేకపోతే శివాలయం ఊసు ఎత్తి ఉండేవారు కాదేమో. "ఎక్కడికి వెళ్దాం అత్తయ్యా" అని మళ్ళీ అడిగితే మళ్ళీ అదే జవాబు వస్తుంది. ఒక మధ్యాహ్నం ఆవిడ పక్కన కూర్చుని ఫోన్‌లో ఇరైవన్ ఆలయం, కిలవేయా లావా వీడియోలు రెండూ చూపించండి. ఖర్చు రెంటికీ ఒకటేనని చెప్పండి, దాదాపు అంతే కూడా. దేని గురించి ఆవిడ తిరిగి ప్రశ్నలు వేస్తారో గమనించండి. మీవారు పక్కన లేనప్పుడు అడిగితే మంచిది, కొడుకు ముందు ఆవిడ గుడి అని అనకపోవచ్చు. గుడే అని తేలితే వారమంతా కవాయి పెట్టుకోండి, నేను పైన చెప్పినదంతా పక్కన పడేయండి. మీవారికి, బాబుకి ఆ కొండ ఇంకో ఏడాది కూడా ఉంటుంది. పెద్దవాళ్ళు మళ్ళీ ఇంత దూరం వస్తారో లేదో.

బిగ్ ఐలండ్ అని తేలితే మొదట హిలోలో గది చూడండి. ఈస్టర్ ఆదివారం నుంచి వారంపాటు అక్కడ మెర్రీ మోనార్క్ హులా ఉత్సవం జరుగుతుంది, దీవులన్నింటి నుంచీ జనం వస్తారు, గదులు చాలా నెలల ముందే అయిపోతాయి. మీ తేదీలు దాంతో కలిస్తే వోల్కనో ఊళ్ళో ఇల్లు వెతకండి, పార్కుకి ఇంకా దగ్గర. గది రేటు చూసేటప్పుడు పన్నులే దాదాపు పందొమ్మిది శాతం ఉంటాయని, కొన్నిచోట్ల రిసార్ట్ ఫీజు వేరుగా వేస్తారని గుర్తుపెట్టుకోండి. కవాయి అయితే గది కంటే ముందు మఠం వాళ్ళ వెబ్‌సైట్లో ఆ వారం దర్శనం ఏ రోజుల్లో, ఏ వేళల్లో ఉందో చూసుకుని, వైలువా, కపా వైపు బస తీసుకోండి. పొద్దున తొమ్మిది గంటల పూజకి మామగారిని తొందరపెట్టకుండా చేరుకోవచ్చు.